పెద్దగుండు మీట తుపాకి



ముప్పదియైదేండ్లు పిల్లలకు వ్యాకరణమును ఛందస్సును చెప్పిన తెలుగుపండితుడు తుపాకిని గూర్చి ప్రసంగించుట యేమని తమలో ననేకులకు సందేహము కలుగవచ్చును. న్యాయమైన సందేహమే. నేను జన్మమెత్తి తుపాకి పేల్చినవాడను గాను. నేడు చెప్పబోవు తుపాకిని చేతితో ముట్టనైన లేదు. అయినను దాని నెంచుకొనుటలో మా మేనల్లుడు చేసిన పొరపాటును, దానిని దిద్దుకొన్న తీరును వెనుక కుర్చీ వేసికొని కూర్చుండి చూచితిని. కలము పట్టిన తీరునుబట్టి పిల్లవాని తప్పెక్కడ నున్నదో కనిపెట్టుట నా వృత్తి. ఆ వృత్తి యక్కడను కొంత యక్కఱకు వచ్చినది.

2022వ సంవత్సరము వేసవిలో నేను అలాస్కాకు పోయితిని. అమెరికా సంయుక్తరాష్ట్రములలో నెల్ల విశాలమైనది అదియే. ఉత్తరపు కొసను కెనడాకు ఆవల నున్నది. మా మేనల్లుడు అచ్చటి పౌరుడై, కీనాయి ద్వీపకల్పమున నదులలో నీటి పాఱుదలను కొలుచు పనిలో నున్నాడు. సాల్మన్ చేపలు ఎదురెక్కు కాలమున ఆ నదులకు మనుష్యులును వత్తురు, ఎలుగులును వచ్చును. మన ఉద్దానపు జీడితోటలలోనికి దిగు ఎలుగుబంటి నూఱు, నూటయేబది కిలోలు తూగునేమో. దాని చేతనే మనవారు ఎంత బాధపడుచున్నారో తమకు తెలియును. అచ్చటి గోధుమవన్నె మగ ఎలుగు నాలుగైదు వందల కిలోలు తూగును. అంత దేహముతోడను గుఱ్ఱమువలె పరుగెత్తును. మా వాని వెంట ఇద్దఱు చిన్నవాండ్రు పనికి పోవుదురు. వారు నడుములోతు నీటిలో నిలిచి కొలతలు తీయుచుండగా గట్టున కాపుండువాడు వీడే. కనుక వాడు కొనబోవు తుపాకి వానికొక్కనికే సంబంధించినది కాదు.

అతిథిగా పోయిన నేను దానిని ముట్టకపోవుటకు కారణము భయమే కాదు. తాత్కాలికపు వీసాపై నున్నవారు తుపాకి నుంచుకొనుటను ఆ దేశపు చట్టము, కొన్ని మినహాయింపులతో, నిషేధించుచున్నది. తమ పిల్లలెవరైన అక్కడ చదువుచున్నచో ఈ మాట చెవిని వేయుడు. మన దేశమున 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే తుపాకి కూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేటయు నిలిచిపోయినది. కావున ఇది మన యూళ్లలో తుపాకులు కొనుడని చెప్పు ప్రసంగము కాదు.

ఇక మీట తుపాకి యన నేమి? మన యూళ్లలోని నాటు తుపాకిలో మందును గొట్టము మూతినుండి కూరి, గుండు వేసి, రంజకము పెట్టి ఒక్కసారి పేల్చవలెను. ఇందులో నట్లు కాదు. ట్రిగ్గరు చుట్టునున్న ఇనుప వలయమే మీట. దానిని ముందునకు క్రిందికి త్రోసి మరల లాగినచో ఖాళీ తూటా బయట పడును, క్రొత్త తూటా గొట్టములోనికి ఎక్కును, గుఱ్ఱము వెనుకకు వంగి సిద్ధమగును. ఈ మూడు పనులును ఒక్క చేతి విదిలింపులో నగును. కుడిచేతివానికిని ఎడమచేతివానికిని ఇంచుమించు సమానముగా నొదుగును. బల్లపరుపుగా, సన్నముగా నుండుటచే జీనుకు వ్రేలాడదీయుటకును, పొదలలో మోయుటకును అనువైనది.

ఇట్టి తుపాకులకు మొదట చిన్న తూటాలే పట్టెడివి. జాన్ మోజెస్ బ్రౌనింగు అను శిల్పి కల్పించిన వించెస్టరు 1886 మాదిరిలో రెండు నిలువు ఇనుప దిమ్మలు పైకి లేచి గొట్టపు తలుపును బిగించును. అందుచేత అది బలమైన తూటాలను ఓర్చుకొన్నది. వానిలో ముఖ్యమైనది నలుబదియైదు-డెబ్బది అనునది. అమెరికా సైన్యము 1873లో దీనిని చేపట్టెను. అంగుళములో నూటికి 45 పాళ్ల గొట్టమును, 70 గ్రెయిన్ల నల్లమందును కలది యగుట నా పేరు వచ్చినది. మొదటి గుండు 405 గ్రెయిన్లు, అనగా మన లెక్కలో రెండుంబావు తులములు. ఇంత సీసమును మెల్లగా పంపుట దాని స్వభావము. నేటి సన్నని తూటాలు కొంచెము సీసమును మిక్కిలి వేగముగా పంపును.

ఈ జాతి తుపాకికిని మన నేలకును ఒక సంబంధము కలదు. బెంగుళూరున నివసించి 1974లో మరణించిన కెన్నెత్ ఆండర్సను పేరును తమలో పెద్దలు వినియుందురు. మనుష్యులను తిను పులులను వేటాడి, ఆ కథలను గ్రంథములుగా వ్రాసినవాడు. మన శేషాచలపు కొండల నంటియున్న చామల లోయలోని పులి కథ యొకటి అందున్నది. ఆయన చేత నుండిన తుపాకి వించెస్టరు 1895 మాదిరి మీట తుపాకియే. 1904లో వెలువడిన 405 అను తూటాను పేల్చునది. అమెరికా అధ్యక్షుడుగా నుండి దిగిన థియొడోరు రూజ్వెల్టు 1909లో ఆఫ్రికాకు పోయినప్పుడు అట్టి తుపాకినే తీసికొనిపోయి సింహములపై ప్రయోగించెను. ఆండర్సను చెట్టుపై మంచె కట్టుకొని, కొద్ది గజములలో, చీకటిలో పేల్చినవాడు. అట్టిచోట దూరదర్శిని కంటె కంటి గుఱియే నమ్మదగినది.

కథకు వత్తును. నేను పోవుటకు ముందే మా వాడు ఒక యంగడికి పోయి పొట్టి గొట్టము గలదియు, మిక్కిలి తేలికయైనదియు నగు నలుబదియైదు-డెబ్బది తుపాకిని కొని తెచ్చినాడు. అమ్మినవాడు దానికి తోడుగా అన్నిటికంటె ఘాటైన తూటాలను అంటగట్టినాడు. "పెద్ద ఎలుగునకు పెద్ద మందు వలదా, మామయ్యా!" అని మా వాని వాదము. పశువు ఎంతదో చూచినాడు గాని, పేల్చువాడు ఎంతవాడో చూడలేదు.

గుఱి నేర్పు మైదానమునకు నన్ను వెంట తీసికొనిపోయెను. చెవులకు మూతలు పెట్టినారు. నూఱు గజముల యవతల కాగితముపై నల్లని చుక్క. పది తూటాలు పేల్చెను. చుక్క చెక్కు చెదరలేదు. కాగితమునకు నాలుగు మూలలను నాలుగు రంధ్రములు. తక్కిన ఆఱు ఎటు పోయెనో తెలియదు. మా వాడు తుపాకిని తిట్టెను, గాలిని తిట్టెను. నేను తుపాకి వంక చూడక వాని మొగము వంక చూచుచుంటిని. ప్రతిసారియు ట్రిగ్గరు కదలుటకు రెప్పపాటు ముందే కన్నులు గట్టిగా మూసికొనుచున్నాడు. అట్టి కన్నులను నేను బాగుగా ఎఱుగుదును. బెత్తమెత్తగానే, దెబ్బ పడకముందే, పిల్లవాడు అట్లే మూయును. ఆ బెత్తము నాది గనుక నాకు తెలియును.

ఈ మాట చెప్పితిని. మా వాడు ఒప్పుకొనలేదు. మైదానమును చూచుకొను పెద్దమనిషి, డెబ్బది దాటినవాడు, నవ్వి, తుపాకి నందుకొని మాకు వీపు త్రిప్పి తూటాలు నింపి యిచ్చెను. మొదటిది పేలినది. రెండవది పేలినది. మూడవసారి ట్రిగ్గరు లాగగా గుఱ్ఱము 'టక్కు'మన్నది, అంతియే. అది మందు లేని ఉత్తుత్తి తూటా. కాని పేలకుండనే తుపాకి మూతి, కొంగ ముక్కును నీట ముంచినట్లు, జానెడు క్రిందికి దిగినది. మేమందఱమును చూచితిమి, వాడును చూచెను. ఆ దినమున మఱి మాటలాడలేదు.

తుపాకి తన్ను అను దానికి లెక్క కలదు. గుండు బరువు, మందు పాలు, వేగము పెరిగినకొలది తన్ను పెరుగును. తుపాకి బరువు పెరిగినకొలది తగ్గును. సామాన్యమైన ముప్పది-ముప్పది మీట తుపాకి తన్ను కంటె ఘాటైన నలుబదియైదు-డెబ్బది తన్ను రెండింతలకు మించియుండును. భుజము దానిని సహించును, మనస్సు సహింపదు. రెండవ తూటా కదలకముందే మనస్సు పాఱిపోవును. ఆత్మరక్షణకు తెచ్చుకొన్న తుపాకిని చూచి తానే బెదరువాడు ఎలుగు నెదుట నేమి నిలుచును?

తన్ను అట్లుండగా గుఱి సంగతి వేఱు. కంటి గుఱి యనగా గొట్టము వెనుకవైపున ఒక గండి, మూతి కడ ఒక గింజ. గండిలో గింజను నిలిపి, గింజపై లక్ష్యమును నిలుపవలెను. వెనుక గండి, ముందు గింజ, ఆవల ఎలుగు. మూడును మూడు దూరములలో నున్నవి. కన్ను ఒక్కసారి ఒక్క దూరమునే స్పష్టముగా చూడగలదు. పడుచువాని కన్ను ఈ మూటి నడుమ చురుకుగా తిరుగును. నలువది దాటి చత్వారము వచ్చినవానికి తిరుగదు. మా వానికి నలువదియాఱు. సూదిలో దారమెక్కించుటకు మనుమని పిలుచు పెద్దలకు ఈ బాధ వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఎంత పొరపాటునకు ఎంత తప్పునో కాగితముపై వేసి చూపితిని. గండికిని గింజకును నడుమ 20 అంగుళములు. నూఱు గజములన 3600 అంగుళములు. భాగించినచో 180. గింజ గండిలో ఒక్క మిల్లీమీటరు ప్రక్కకు ఒరిగినచో నూఱు గజముల యవతల గుండు 180 మిల్లీమీటర్లు, అనగా ఏడంగుళములు, తప్పును. అదే యిరువదియైదు గజములలో ఐనచో 45 మిల్లీమీటర్లు మాత్రమే, రెండంగుళములు నిండవు. గండికిని గింజకును నడుమ దూరము 16 అంగుళములే యైనచో నూఱు గజములకడ తప్పు తొమ్మిదంగుళములకు వచ్చును. పొట్టి గొట్టము పొదలలో ముద్దుగానే యుండును గాని దాని వెల ఇట్లు చెల్లించుకొనవలెను. ఈ లెక్క తేలిన తరువాత మా వాడు నూఱు గజముల మాట విడిచెను. నది గట్టున నెలుగు మీదికి వచ్చునది ఇరువది ముప్పది గజములలో. అక్కడ గుండు పడవలసిన చోట పడినచో చాలును.

దూరము మాట వచ్చినది గనుక ఇంకొకటి. సైన్యపు పాతపాటి వేగముతో పోవు 405 గ్రెయిన్ల గుండును నూఱు గజములకు గుఱి దిద్దినచో రెండువందల గజములకడ అది రమారమి రెండడుగులు క్రిందికి దిగును. కొందఱు ఈ తుపాకికి దూరపు బిరుదులు తగిలింతురు. కంటి గుఱితో, ఇంత వంపుతో, ప్రాణిపై దూరమునుండి పేల్చుట గాయపఱచి విడుచుటయే యని నా యభిప్రాయము.

మఱునాడు వేఱొక యంగడికి పోయితిమి. అచ్చటివాడు అమ్ముటకు తొందరపడలేదు. మొదట మా వానిని కన్నులు మూసికొని తుపాకిని భుజమున కానించి, తరువాత కన్నులు తెఱవుమన్నాడు. తెఱవగానే గింజ గండిలో కనబడవలెను. మెడ చాపి, దవడ నొత్తి వెదకుకొనవలసివచ్చినచో ఆ మడమ వానిది కాదు. ఇటీవలి తుపాకులలో ననేకములు దూరదర్శినికి తగినట్లు మడమ ఎత్తుగా చేయబడుచున్నవి. వానిపై కంటి గుఱి పెట్టుకొనువాడు దవడను కఱ్ఱలోనికి క్రుక్కవలసి వచ్చును. నేను నా చేతికఱ్ఱతో ఈ పరీక్ష చేసి చూచితిని; అంగడిలోనివారికి వినోదము కలిగినది.

గుఱులలో నాలుగు రకములు చూపినాడు. ఎద్దుకొమ్ములవలె రెండు ప్రక్కల వంగి లేచిన గండి చూచుటకు సొగసుగా నున్నది. చిత్రములలో నదియే కనబడును. కాని ఆ కొమ్ములు సగము లక్ష్యమును కప్పివేయును. నేను దానిని మెచ్చను. సగము కొమ్ములది కొంత మేలు. వెడల్పుగా, లోతు తక్కువగా పఱచుకొన్న గండి, దాని నడుమ తెల్లని నిలువు గీత, మూతి కడ పెద్ద గింజ, ఇది త్వరపడి పేల్చుటకు చాల మంచిది. కన్ను బాగుగా నున్నవాడు దీనినే యెంచుకొనవలెను. నాలుగవది కంటికి దగ్గఱగా నమర్చు రంధ్రపు గుఱి. రంధ్రమును చూడనక్కఱలేదు, దానిగుండ చూచినచో చాలును. వెలుతురు ఎక్కువగానున్న నడిమికి కన్ను దానంతటదియే పోవును. గుఱుల నడుమ దూరమును పెరుగును.

ఇందులో నొక చమత్కారము కలదు. ఆకున సన్నని బెజ్జము చేసి దానిగుండ చూచినచో చత్వారమున్నవారికిని అక్షరములు తేటపడును. చిన్ననాడు మా తాతగారు కండ్లజోడు విఱిగినప్పుడు తాటాకు బెజ్జముతో పంచాంగము చూచెడివారు. అంగడివాడు తుపాకికి తగిలింపని ఉత్త రంధ్రపు బిళ్ల నొకదానిని నా చేతికిచ్చెను. అద్దములు తీసి దానిగుండ గోడమీది క్యాలెండరు చూచితిని. తేదీలు చదువగలిగితిని. మా వాడును చూచెను. అంతటితో గుఱి సంగతి తేలిపోయినది. ఐతే బెజ్జము మఱీ సన్నమైనచో పొదల నీడలో ఏమియు కనబడదు. వెడల్పైన రంధ్రము, పలుచని అంచు గలది కావలెను. దానిలో వానచినుకో మంచో నిలిచినచో నూదుకొనవలెను. ఆ లోపము దానికి కలదు.

తుపాకి సంగతి. మొదటిదాని నిచ్చివేసి, దానికంటె రమారమి అరకిలో బరువైనదియు, గొట్టము కొంచెము పొడవైనదియు, మడమకు మెత్తని రబ్బరు బిళ్ల గలదియు నగు దానిని తీసికొనినాడు. తూటా మాత్రము అదియే. అది మంచిపని. నాలుగువందల నలుబదినాలుగు మార్లిన్ అని 1964లో వచ్చినది, నాలుగువందల యేబది మార్లిన్ అని 2000లో వచ్చినది, మంచి తూటాలే యున్నవి. కాని ఆ మారుమూలలో ఏ చిన్న యంగడికి పోయినను దొరకునది నలుబదియైదు-డెబ్బదియే. దొరకని తూటా గల తుపాకి చేతికఱ్ఱతో సమానము.

తూటాలు కొనువారు తెలియవలసిన రహస్యమొకటి. నలుబదియైదు-డెబ్బది యని పేరొక్కటియే యైనను మందు పాళ్లు మూడు విధములు. 1873 నాటి పాత సైన్యపు తుపాకికి మెత్తనివి, మీట తుపాకులకు నడిమివి, ఒక్కొక్క తూటాయే పట్టు మిక్కిలి గట్టి తుపాకులకు ఘాటైనవి. చివరివానిని పాత తుపాకిలో పేల్చినచో గొట్టమే చీలవచ్చును. పెట్టెపైని అక్షరములు చదువక కొనరాదు.

మఱియు, ఈ తుపాకులలో ననేకములకు తూటాలు గొట్టము క్రిందనున్న మఱొక గొట్టములో వరుసగా, ఒకదాని ముక్కు ముందుదాని పిఱుదుకు తగులుచు నుండును. పిఱుదు నడుమనే రంజకపు టోపీ. గుండు మొన వాడిగా నున్నచో తన్ను అదురునకు ఆ మొన టోపీపై గ్రుచ్చుకొని తూటా లోపలనే పేలవచ్చును. కావున చదునుమొన గుండ్లే వాడవలెను. మొన మెత్తగా నుండి వంగు గుండ్లు ఈ శతాబ్దపు మొదటి దశకమున వచ్చినవి. వానికా దోషము లేదు. ఆండర్సను వాడిన 1895 మాదిరికి పెట్టెవంటి అఱ యుండుటచే ఈ చిక్కు దానికి మొదటినుండియు లేదు.

మా వాడు అభ్యాసమునకు మెత్తని తూటాలు, మోయుటకు గట్టి సీసపు చదునుమొన గుండుగల నడిమి పాటివి పెట్టుకొన్నాడు. రెండింటికిని గుండు ఒకేచోట పడదు గనుక గుఱిని మోయు తూటాకే దిద్దుకొన్నాడు. వెనుకటి గుఱిని ఎటు జరిపిన గుండు అటు జరుగును, ముందరి గుఱిని జరిపిన ఎదురుప్రక్కకు జరుగును. ఇది మొదట తలక్రిందుగా చేసి పది తూటాలు వృథా చేసినాడు.

ఇంకను ఒక తప్పు మిగిలినది. మీటను సగము త్రోసి వెనుకకు లాగువాడు. అట్లు చేసినచో పాత తూటా పోదు, క్రొత్తది ఎక్కదు, నడుమ చిక్కుకొనును. ప్రతి రాత్రియు ఉత్తుత్తి తూటాలతో, గోడవైపు మూతి పెట్టి, మీటను కడవఱకు త్రోసి కడవఱకు లాగుట యేబదిసార్లు చేయించితిని. శబ్దమంజరి వల్లె వేయించినట్లే లెక్క పెట్టుచుంటిని. మైదానములో దినమునకు పది పండ్రెండు గుండ్లకు మించి పేల్చనీయలేదు. అలసిన భుజము మరల కన్నులు మూయించును. నాలుగవ వారమునకు కన్నులు తెఱచియే పేల్చుచున్నాడు. ఇరువదియైదు గజములలో మూడు గుండ్లు అరచేతిలో నిమిడినవి. పెద్దమనిషి మరల ఉత్తుత్తి తూటా దాచి యిచ్చెను. గుఱ్ఱము టక్కుమన్నది. మూతి కదలలేదు.

నేను బయలుదేఱునాడు ఆ చిన్నవాండ్రిద్దఱును వచ్చిరి. వారి నడుములకు మిరియపుమందు చిమ్ము డబ్బాలు వ్రేలాడుచుండెను. వానిని చిన్నచూపు చూడరాదు. 1985 మొదలు 2006 వఱకు అలాస్కాలో జరిగిన సంఘటనలను పరిశీలించి 2008లో ప్రకటించిన వ్యాసములో, ఆ మందు చిమ్మినప్పుడు గోధుమవన్నె ఎలుగులు నూటికి 92 పర్యాయములు వెనుదిరిగెనని తేల్చినారు. దానికి తన్ను లేదు, గండియు గింజయు లేవు. మొదట అరపు, తరువాత డబ్బా, ఆ పిమ్మటనే తుపాకి యని వారు ముగ్గురును ఏర్పఱచుకొన్నారు. నాకును అదియే సరియని తోచినది.

మూతి కడ గింజకు తెల్లరంగు వేసికొనుట మా వాడు మఱచినాడు. ఆల్డరు పొదల నీడలో ఇత్తడి గింజ నల్లగా కనబడును. వాని భార్య గోళ్లకు వేసికొను తెల్లరంగు సీసా తెచ్చి, అగ్గిపుల్ల కొనతో నొక చుక్క పెట్టినది. క్రిందటి మాసమున వాడు ఫోనులో మాటలాడుచు, ఇంతవఱకు ఎలుగుపై నొక్క గుండైన పేల్చ పని పడలేదనియు, ఆ రంగు మాత్రము ప్రతి వసంతమునను మరల వేయవలసి వచ్చుచున్నదనియు చెప్పెను.